లోపలి గడియ

హాంకాంగ్‌లో నాటకాల పందిరి వేయాలంటే ఆ చోయ్ అనే కుర్ర మేస్త్రీ తర్వాతే ఎవరైనా. ఇనుప మేకు ముట్టుకోడు. వెదురు బొంగులు, బద్దల కట్లు, చాపలు, అంతే. వెయ్యిమంది కూర్చునే పందిరి వారంలో లేచి నిలబడుతుంది. అలాంటివాడు ఆ పొద్దున శాసనసభ వెనక పచ్చికలో ఒకే ఒక్క గది కడుతున్నాడు. తొమ్మిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. అది జైలు కొట్టుకు నమూనా.

పెళ్లయి ఇరవై రోజులైన అతని భార్య పిక్‌వా అన్నం గిన్నెతో మెట్లెక్కి వచ్చింది. ఈ ఇరవై రోజులుగా ఆమెకు ప్రతిదీ ముద్దొస్తోంది: కొమ్ము విరిగిన టీ కూజా, కిటికీలోంచి కనిపించే జానెడు సముద్రం, భర్త నిద్రలో "ఇంకో బొంగు అందుకో" అని గొణగడం. ఒక్క తండ్రి గుర్తొచ్చినప్పుడే మనసు ముడుచుకుపోయేది. ఆ ముసలాయన నల్ల నువ్వుల తీపి జావ అమ్ముకుంటాడు. లైసెన్సు లేకుండా వీధిలో అమ్మినందుకు మూడు నెలలు లోపల వేశారు. ఒక్కడి కోసం కట్టిన కొట్టులో ముగ్గురు. మిగతా ఇద్దరూ దారిదోపిడీగాళ్లు. కిందటి వారం చూడబోతే ఆయన చెంప వాచి ఉంది.

జైలు పక్కనున్న పాత గిడ్డంగిని కొట్లుగా మార్చి, చిన్న నేరాలవాళ్లను అందులో వేరుగా ఉంచుతామని ప్రభుత్వం శాసనసభను డబ్బడిగింది. దండగ ఖర్చని వర్తకుల తరఫు సభ్యులు అడ్డుపడ్డారు. సభలో కూర్చునే తన అధికారుల ఓట్లతో నెగ్గించుకోనని గవర్నర్ మాటిచ్చాడు. మిగతా సభ్యులు చెరిసగం చీలిపోగా, తేల్చాల్సింది లో షింగ్‌పాక్ అనే పెద్ద వర్తకుడి ఓటు. కొట్టు కళ్లారా చూస్తే గానీ ఓటెయ్యనని ఆయన పట్టుబట్టాడు. అందుకే ఈ నమూనా.

తెల్లదొరలూ ఊరివాళ్లూ, సభ్యులంతా పచ్చికలోకి వచ్చారు. ఇరవై ఏళ్లుగా ఊళ్లోనే ఉండి ఊరి భాషలోనే తిట్టడం మరిగిన జైలు అధికారి మెక్‌రే తలుపు లాగి చూసి పకపకా నవ్వాడు.

"గడియ లోపల పెట్టావేంటయ్యా! మా దొంగలు నీకు గుడి కడతారు!"

ఆ చోయ్ నాలుక్కరుచుకున్నాడు. నాటకాల పందిట్లో వేషగాళ్ల గదులకు గడియ లోపలే ఉంటుంది. చేతి అలవాటు!

లో షింగ్‌పాక్ లోపలికెళ్లి చేతికర్రతో నాలుగు మూలలూ కొలిచాడు. "ముగ్గురికి ఇదేం తక్కువ? ఏమయ్యా, నీ కాపురం ఎంత గదిలో?"

"దీనికన్నా జానెడు తక్కువేనండి."

"విన్నారా! కష్టపడి బతికేవాడికే లేని భోగం దొంగకెందుకు?"

సభ్యుల తలలు ఊగాయి. పిక్‌వాకు తండ్రి చెంప కళ్లముందు కదిలింది. ఇక నోరాగలేదు.

"మాది చిన్నగదే అయ్యగారూ. నేను కాళ్లు చాపితే ఆయన ముడుచుకోవాల్సిందే. అయినా మాకది చక్రవర్తి మేడ. కాపురానికొచ్చిన రోజు ఈయన మొట్టమొదట చేసింది ఏంటో తెలుసా? గడియ. లోపలివైపు. ఎవర్ని రానివ్వాలో మా ఇష్టం."

"ఊరుకోవే!" అన్నాడు ఆ చోయ్. మొహం మాత్రం మతాబులా వెలుగుతోంది.

"నువ్వా గడియ బయటికి మార్చవయ్యా," అంది పిక్‌వా మొగుడితో. "అయ్యగారు ఇంకో ఇద్దరితో లోపల కూర్చుని చూస్తారు."

నవ్వులు రేగాయి. తెల్లదొరల ముందు వెనక్కి తగ్గడం లో షింగ్‌పాక్ రక్తంలో లేదు. "సరే. నా మనుషుల్ని పిలుచుకుంటా."

"కుదరదు," అన్నాడు మెక్‌రే. "మా దగ్గర జతలు కలిపేది నేను." సభలో రెండేళ్లుగా లో షింగ్‌పాక్ మాటకు అడ్డు తగిలే ఇద్దరు దొరలను ఏరి లోపలికి పంపాడు. ఒకాయన నోట్లో చుట్ట ఆరదు. ఇంకొకాయన నోరు మూతపడదు.

ఆ చోయ్ బయటికి మార్చిన గడియ పడింది.

"ఎంతసేపు?" అన్నాడెవరో.

"మా నాన్నకైతే మూడు నెలలండి. అయ్యగారికి పావుగంట చాలు."

చాప సందుల్లోంచి చుట్ట పొగ, దగ్గు, మోచేతుల తోపులాట. మెక్‌రే తెప్పించుకున్న టీ ఇంకా చల్లారనేలేదు, లోపల్నుంచి కేక.

"తలుపు తియ్యండి!"

"లోపలివాళ్లు అడిగితే తియ్యం దొరా," అన్నాడు మెక్‌రే, తాపీగా టీ ఊదుకుంటూ.

"నేను లో షింగ్‌పాక్‌ని!"

"మా దగ్గర అందరికీ పేర్లున్నాయి దొరా."

తర్వాత అదే గొంతు, తగ్గి వినిపించింది. "అమ్మాయ్, మీ నాన్నేం చేశాడన్నావ్?"

"నువ్వుల జావ అమ్మాడండి."

"బెల్లంతోనా, పంచదారతోనా?"

"బెల్లంతోనండి. అడుగంటకుండా కలుపుతూనే ఉంటాడు."

మెక్‌రే కనుసైగ చేశాడు. పిక్‌వానే గడియ తీసింది. టోపీ నలిగిపోయి బయటికొచ్చిన లో షింగ్‌పాక్ ఆ గడియను వేలితో ఒకసారి తాకి, ఎవరి వంకా చూడకుండా సభలోకి నడిచాడు. ఒక్క ఓటు తేడాతో ఖర్చు మంజూరైంది.

రెండు వారాల్లో గిడ్డంగిలో కొట్లు లేచాయి. తండ్రికి వేరే కొట్టు దొరికింది. శిక్ష అయ్యేనాటికి చెంప మామూలైంది, ఒంటికి కాస్త కండ కూడా పట్టింది. విడుదలై నేరుగా కూతురి గదికి వచ్చి, తలుపు మూసి గడియ పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ తీశాడు.

"పట్టేస్తోందా నాన్నా?" అంది పిక్‌వా.

"లేదమ్మా. భలే నడుస్తోంది."

అల్లుడు మురిసిపోయి మీసం దువ్వుకోబోయాడు. మీసం ఇంకా రాలేదు. పిక్‌వా నవ్వాపుకోలేక, కూజా విరిగిన కొమ్ములోంచి టీ సగం చేతిమీదే పోసుకుంది.