కొత్త ఎర్రదీపం

చీకటిగదిలో పాత దీపం మాడిపోతే, ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫిల్ములు కడిగే బురుల్చా బజారుకు పోయి ఎర్రటి ఎల్‌ఈడీ దీపం తెచ్చి పెట్టింది. ఆ గదిలో వెలిగే దీపం మనిషికి దారి చూపాలి గాని ఫిల్ము కంట పడకూడదు. అందుకని ఆమె వాడని ఫిల్ము ముక్క మీద నాణెం ఉంచి, దీపం కింద కాసేపు వదిలేసి, కడిగి చూసింది. నాణెం అచ్చు పడలేదు. దీపం మంచిదేననుకుంది.

తరవాత కొత్తరకం ఫిల్ము పెట్టె వచ్చింది. దానితోనూ ఒకసారి చూడాలని ఆమెకు తోచలేదు.

ఆమె తమ్ముడు కాసిమాలి చలికాలమంతా దగ్గుతూనే ఉన్నాడు. మందను తోలుకుని కొండమీది పచ్చికకు పోయే ముందు ఛాతీ ఫిల్ము తీయించుకోవాల్సిందేనని డాక్టరమ్మ దమీరా పట్టుబట్టింది. క్షయ ఉంటే మనవలతో ఒకే గుడారంలో పడుకోనివ్వనని ముందే చెప్పింది. బురుల్చా కడిగి ఆరబెట్టిన ఫిల్మును ఆవిడ కిటికీకేసి ఎత్తి చూసింది.

"కాస్త నలుపెక్కువైంది. మచ్చయితే కనపడటం లేదు."

"విన్నావా అక్కా? నన్నిక్కడ కట్టిపడేసి పులిసిన గుర్రప్పాల కుమిస్ అంతా నువ్వే తాగేద్దామనుకున్నావు!"

"పోరా, ముందు నీ గుర్రాలు పాలిస్తే కదా!"

మర్నాడే గుడారం కర్రలు, మనవలు, కాసిమాలి ఒకే లారీలో కొండెక్కారు.

తరవాత ఒక టీచరు మణికట్టు ఫిల్ము మసిబారి వచ్చింది. ఇంకొకరి భుజం కూడా అంతే. బురుల్చాకు దీపం మీద అనుమానం వచ్చింది. కొత్త ఫిల్ము ముక్క తీసి మళ్లీ నాణెం పెట్టింది. కడిగాక నాణెం ఉన్నచోట గుండ్రంగా తేటగా ఉంది. చుట్టూ అంతా మసి.

కంటికి అంత ఎర్రగా కనిపించే దీపంలో ఇంకేదో రంగు నక్కి ఉంది. పాత ఫిల్ముకు కనపడనిది కొత్తదానికి కనపడింది. ఊపిరితిత్తుల్లో మచ్చ ఉంటే ఫిల్ము మీద తెల్లగా రావాలి. ఆ తెలుపును ఈ మసి మింగేసి ఉంటే?

బురుల్చా తెచ్చిన ఆ ముక్కను డాక్టరమ్మ కిటికీకేసి ఎత్తి చూసింది.

"మీ తమ్ముడికి ఫోన్ చెయ్యి."

"కనుమ దాటితే సిగ్నల్ ఉండదమ్మా."

"అయితే జీపులో నువ్వే పో. పిల్లల్ని అతని దగ్గర ఉండనివ్వకు."

ఆమె చేరేసరికి గుడారంలో అందరూ గుండ్రంగా కూర్చున్నారు. కుమిస్ గిన్నె చేతులు మారుతోంది. కాసిమాలి ఒక గుక్క తాగి పక్కనున్న చిన్న మనవరాలికి అందించాడు. పిల్ల గిన్నెను పెదాల దగ్గరికి తీసుకోబోతుంటే బురుల్చా లాగేసుకుంది.

"ఓసి నీ ఆశ పాడుగాను! ఇందుకోసమా ఇంత దూరం వచ్చావు?"

"నీ ఫిల్ము సరిగ్గా పడలేదురా. నేను పెట్టిన దీపమే చెడ్డది. మళ్లీ తియ్యాలి, లే."

"మచ్చ లేదందిగా డాక్టరమ్మ!" అని నవ్వబోయాడు. నవ్వు కాస్తా దగ్గయింది. పక్కకు తిరిగి చొక్కాచేతిని నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దగ్గు ఆగాక, ఎర్రబడిన ఆ చొక్కాచేతి అంచును మెల్లగా లోపలికి మడిచాడు. అక్క ముఖంలోకి చూడలేదు.

"ఎప్పట్నించి?" అంది బురుల్చా.

"ముందు పిల్లల్ని బయటికి పంపు," అన్నాడు.