ఇరవై నాలుగో రోజు

నల్లబల్ల మీద స్తంభం గీస్తూ నత్త టీచరు సుద్దముక్క విరగ్గొట్టింది. ముప్ఫై ఒక్కేళ్లుగా ఏటా గీస్తున్న స్తంభమే. ఎత్తు పన్నెండు మూరలు, అడుగున ఒక నత్త. పిల్లలు ఆమెకా పేరు పెట్టింది అందుకే. నడక కూడా అలాగే ఉంటుందని గిట్టనివాళ్లు అంటారు, అననీ!

వెనక బెంచీలో హెడ్మాస్టరు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పొద్దున్నే చెప్పాడాయన.

"ఈ పాతకాలపు లెక్కలు పరీక్షలో రావు టీచర్ గారూ. మూరలూ జానలూ ఇప్పుడెవరికి కావాలి? ఇవాళ మీ ఆఖరి రోజు, సిలబస్ చెప్పి ముగించండి."

"ఆఖరి రోజు కాబట్టే ఇది చెప్తానండి," అంది ఆమె.

చేతిలో అట్ట ఊడిన పుస్తకం. పదేళ్లప్పుడు ఇదే బడిలో, ఇదే లెక్కకు ఆమె ఇరవై మూడు అంది. పుస్తకం వెనక ఇరవై నాలుగని ఉంది. "పుస్తకం కంటే గొప్పదానివా?" అంటూ మాస్టారు బెంచీ ఎక్కించారు. గంట కొట్టేదాకా నిలబడింది గానీ మాట మార్చుకోలేదు. టీచరై వచ్చాక ఆ పుస్తకమే బీరువాలో దొరికింది. అప్పట్నుంచీ నల్లబల్ల మీద కావాలనే ఇరవై నాలుగు రాస్తోంది, ఒక్కరైనా లేచి కాదంటారేమోనని. ఏటా పిల్లలు బుద్ధిగా దించుకునేవారు. మర్నాడు తనే దిద్దేది, కడుపు మండిపోయేది.

"నత్త పగలు మూరెడు ఎక్కుతుంది, రాత్రి జానెడు జారుతుంది. మూరకు రెండు జానలు. అంటే రోజుకు మిగిలేది జానెడే. పన్నెండు మూరలంటే ఇరవై నాలుగు జానలు, ఇరవై నాలుగు రోజులు."

జవాబు కింద గీత గీసింది. కలాలు కదిలాయి. ఈసారీ అంతేనా అనుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

"తప్పు టీచర్."

మూడో బెంచీలో, ఎప్పుడూ నోరు విప్పని రెండు జడల పిల్ల.

"పుస్తకంలో ఉందమ్మా, కూర్చో," అన్నాడు హెడ్మాస్టరు.

పిల్ల కూర్చోలేదు. "ఇరవై రెండు రోజులకి పదకొండు మూరలు ఎక్కేసింది సార్. మర్నాడు ఇంకో మూరెడు ఎక్కితే పైనే ఉంటుంది. పైకెక్కేశాక ఇంకెందుకు జారుతుంది?"

"ఎదురు చెప్తున్నావా? బెంచీ ఎక్కు!"

పిల్ల బిక్కమొహంతో ఎక్కింది. నత్త టీచరు సుద్దముక్క పడేసి, మోకాళ్లు పట్టుకుని, మూలుగుతూ ఆ పక్కనే ఎక్కి నిలబడింది.

"దిగండి టీచర్ గారూ, ఏమిటీ వేషాలు?"

"జవాబు ఇరవై మూడండీ. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. మీరు ఒప్పుకునేదాకా ఇద్దరం దిగం."

క్లాసంతా గొల్లున నవ్వింది. హెడ్మాస్టరు వేళ్ల మీద లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు. గంట కొట్టేవేళకు, "సరే, ఇరవై మూడే," అని గొణిగి బయటికి నడిచాడు.

ఆమె పిల్ల చేతికి కలం ఇచ్చింది. సాయంత్రం సంచీ భుజాన వేసుకుని, తనకు అలవాటైన నడకతోనే గేటు దాటి వెళ్లిపోయింది.

బల్ల మీద అట్ట ఊడిన పుస్తకం తెరిచే ఉంది. ఇరవై నాలుగు కొట్టేసి, పక్కన వంకర అంకెల్లో ఇరవై మూడు.