వెనక నుంచి చూసేవాళ్ళు

కళ్ళజోళ్ళ షాపాయన ఊళ్ళో సగం మందికి చూపు సరిచేసిన మనిషి. అంతటివాడికి తన కాళ్ళకున్న షూ అరిగిపోయిందో లేదో తెలియలేదంటే నవ్వొస్తుంది గానీ, నిజంగానే తెలియలేదు. కొన్నాళ్ళుగా పరిగెత్తినప్పుడల్లా కుడి మోకాలు కలుక్కుమంటోంది. భార్య పోయాక ఆయన్ని పొద్దున్నే ఇంట్లోంచి బయటికి లాక్కొచ్చేది ఆ పరుగు ఒక్కటే. అదీ పోతే మంచం దిగడానికి కారణమే ఉండదని ఆయన భయం. ఆ భయంతోనే డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

డాక్టరమ్మ మోకాలు నొక్కి చూసి, షూ చేతిలోకి తీసుకుని తడిబట్ట పిండినట్టు మెలిపెట్టింది.

"ఎప్పుడు కొన్నారండీ ఇవి?"

"చాలా రోజులైంది. అయినా కొత్తవాటిలాగే ఉన్నాయండీ. రోజూ తుడుస్తాను."

"పైన పటారం, లోన లొటారం. తుడిస్తే పైన మెరుస్తాయి గానీ లోపలి మెత్త చచ్చిపోయినట్టుంది. అనుమానంగా ఉంటే ఓ పని చెయ్యండి. మీరు పరిగెడుతుంటే ఇంట్లోవాళ్ళని వెనక నుంచి చూడమనండి. మడమ ఓ పక్కకి ఒరుగుతుంటే ఇక మార్చెయ్యాల్సిందే."

"అలాగేనండీ" అన్నాడు. ఇంట్లోవాళ్ళంటూ ఎవరూ లేరని చెప్పడానికి నోరు రాలేదు.

ఇదివరకు ఈ బాధ లేదు. రెండు వీధుల అవతలి నుంచి మరదలూ తోడల్లుడూ రోజూ పొద్దున్నే వచ్చేవాళ్ళు. అక్కచెల్లెళ్ళిద్దరూ వంటింట్లో కాఫీలు పెట్టుకుని కబుర్లలో పడితే, మగవాళ్ళు పరుగుకి బయల్దేరేవాళ్ళు. ఈయన ముందు, తోడల్లుడు వెనక. తోడల్లుడికి పొట్ట కాస్త ఎక్కువే, ఆయాసమూ ఎక్కువే, అయినా నోరు మాత్రం ఊరుకునేది కాదు. "అన్నయ్యా, బండి పక్కకి లాగుతోంది, టైర్లు మార్చు!" అని అరిచేవాడు. ఈయన ఆ సాయంత్రమే వెళ్ళి కొత్తవి కొనుక్కొచ్చేవాడు. అంతే తప్ప, ఆ సంగతి తనంతట తాను ఆలోచించిన పాపాన పోలేదు.

అక్క లేని ఇంట్లో అడుగుపెట్టలేక మరదలు రావడం మానేసింది. ఆవిడ రాకపోయేసరికి తోడల్లుడూ రాలేదు. పోట్లాటా లేదు, మాటా మాటా అనుకున్నదీ లేదు. భార్యే లేనప్పుడు తోడల్లుడనే చుట్టరికం ఉన్నట్టో లేనట్టో తేల్చుకోలేక ఈయన ఫోన్ చెయ్యలేదు.

మర్నాడు పొద్దున పార్కులో ఫోన్ని బెంచీ మీద నీళ్ళ సీసాకి ఆనించి, వీడియో పెట్టి పరిగెత్తాడు. షాపుకొచ్చాక కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు, పాదాల మీంచి చూపు తిప్పకుండా. ఎవరి వీపు వాళ్ళకి కనిపించదంటారు. ఫోన్ పుణ్యమా అని ఈయనకి కనిపించింది గానీ, షూ ఒరుగుతోందో, తన నడకే అంతో తేలలేదు. చాలాసేపు తటపటాయించి ఆ వీడియోని తోడల్లుడికి పంపాడు. కింద "షూ మార్చాలా?" అని ఒక్క ముక్క రాశాడు.

వెంటనే ఫోన్ మోగింది.

"మార్చాలా ఏంటన్నయ్యా, మడమలు రెండూ లోపలికి కూలిపోతుంటే! ఇవాళే పారెయ్. అది సరే, మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తున్నావేంటి? కుక్కేమన్నా తరుముతోందా?"

ఆయన తెల్లబోయాడు. అలా చూస్తున్నట్టు ఆయనకే తెలియదు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనుకున్నాడు గానీ నిజమే బయటికొచ్చేసింది.

"కుక్క కాదు తమ్ముడూ. నువ్వొస్తున్నావేమోనని."

ఎవరో షాపులోకి వచ్చి, ఆయన ఫోన్లో ఉన్నాడని చూసి బల్ల మీద కూర్చున్నారు.

"నేను పరుగు మానేశానన్నయ్యా" అన్నాడు తోడల్లుడు. "ఒక్కసారి వెళ్ళాను. ముందు నువ్వు లేకపోయేసరికి ఎక్కడ వెనక్కి తిరగాలో తెలియలేదు. పోయి పోయి, ఆఖరికి బస్సెక్కి ఇంటికొచ్చాను."