మూడో కుట్టు

"ఇంక విప్పడానికి కుట్టు లేదమ్మాయ్. ఉన్న గుడ్డంతా వాడేశాం" అంది జ్ఞానప్రసూన, జాకెట్టు తిరగేసి చూపిస్తూ.

నమ్రతకి నవ్వొచ్చింది, నవ్వింది కూడా. కానీ కారులో కూర్చున్నాక జాకెట్టు మళ్ళీ తిరగేసి, విప్పిన కుట్ల గుర్తులు లెక్కపెట్టుకుంది. జాకెట్టు కుట్టేవాళ్ళు పక్కల్లో కాస్త గుడ్డ లోపలికి మడిచి మూడు వరసలు కుట్టి ఉంచుతారు, ఒళ్ళు చేసినప్పుడల్లా ఒక వరస విప్పుకోవడానికి. నమ్రత మొదటి వరస కూతురు నైనిక పుట్టాక విప్పించింది. రెండోది అట్లాంటా నుంచి నార్త్ కరోలినాలోని ఈ క్యారీకి మారిన ఏడాది. మూడోది ఎప్పుడు విప్పిందో గుర్తు కూడా లేదు. ఆ జాకెట్టు ఒళ్ళో పెట్టుకుని ఆమె ఏడవలేదు, అది వేరే సంగతి.

జ్ఞానప్రసూనకి అరవై మూడేళ్ళు. తెనాలిలో పాతికేళ్ళు మెషిన్ తొక్కి, కొడుకు దగ్గరికి వచ్చి, వాళ్ళ రెండు కార్లూ బయట పెట్టించి గరాజ్‌ని కుట్టుగది చేసుకున్న మనిషి. చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ళ కొలతలన్నీ ఆవిడకి నోటికొచ్చు. ఆ నెలలో ఆవిడ ఇదే మాట మరో ఇద్దరికి చెప్పింది. ఒకరు రేణు, వరంగల్ అమ్మాయి, బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో పని. ఇంకొకరు వేద, ఇక్కడే పుట్టి పెరిగి ఫార్మసిస్టు అయిన ఇరవై ఏడేళ్ళ పిల్ల, కూచిపూడి మానేశాక ఒళ్ళు వచ్చిందని దిగులు. నాలుగో మనిషి తనేనని ఆవిడే ఒప్పుకుంది. "ముగ్గురూ శనివారం పొద్దున ఏడింటికి రండి. పది పౌండ్లు తగ్గినవాళ్ళకి ఒక కుట్టు మళ్ళీ లోపలికి వేసిపెడతా. డబ్బులొద్దు" అని మెసేజ్ పెట్టింది. అలా మొదలైంది.

మొదటి వారం, ఏం తింటున్నారో రాసుకురమ్మంది ఆవిడ. నమ్రత తెచ్చిన కాగితంలో పొద్దున కాఫీ, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి ఒక చపాతీ ఉన్నాయి. ఆమె అబద్ధం రాయలేదు. పళ్ళెంలో పెట్టుకుని తినేది అంతే.

"మరి నూట డెబ్బై ఎనిమిది పౌండ్లు ఎట్ల వచ్చింది అక్కా? గాలి పీల్చుకుంటనా?" అంది రేణు.

గుచ్చి గుచ్చి అడిగితే ఒక్కొక్కటే బయటికొచ్చింది. నైనిక సగం తిని వదిలేసిన పరాటా. చిరిగిన దోసె. మూకుడు అడుగున మాడిన బంగాళాదుంప వేపుడు. ఒకరికి చాలదు, ఫ్రిజ్‌లో పెట్టడానికి మరీ తక్కువ అనిపించే నాలుగు ముద్దల పులిహోర. ఉప్పు చూడమంటే రెండు గరిటెల పప్పు. అన్నీ నిలబడే, అన్నీ ఇంకో పని చేస్తూనే. పారెయ్యడం ఎందుకని.

"అంటే మీ ఇంట్లో చెత్తబుట్టవి నువ్వేనన్నమాట" అంది జ్ఞానప్రసూన. తిట్టినట్టు కాదు, కొలత చెప్పినట్టు చెప్పింది.

ఆ మాట నమ్రత వెంట ఇంటిదాకా వచ్చింది. భర్త తేజేశ్వర్, తనూ ఇద్దరూ ఇంటినుంచే పని చేస్తారు. అతని ఆఫీసు పైన తలుపు వేసుకునే గది, ఆమె ఆఫీసు వంటగది బల్ల. మందుల ట్రయల్స్ డేటా సరిచూడటం ఆమె ఉద్యోగం. ఎక్కడో ఉన్న పేషెంటు ఏ పూట ఏ మాత్ర మింగాడో, దాంతో ఏం తిన్నాడో వరస తప్పకుండా చూసే మనిషికి తనేం తింటోందో తెలియలేదు. ఎందుకు తెలియలేదని వెనక్కి తవ్వుకుంటూ పోతే కాపురానికొచ్చిన మొదటి వారంలో అత్తగారి మాట తగిలింది. "నువ్వు మా అందరితో కూర్చుంటే వడ్డించేదెవరమ్మా, చివర్లో తిందువుగాని." ఆవిడ ఆ మాట అన్నది ఆ ఒక్క పూటకే అయ్యుండొచ్చు. నమ్రత మాత్రం ఇరవై ఏళ్ళు పాటించింది. అత్తగారు లేని దేశంలో, అత్తగారు చూడని వంటగదిలో, చివర్లో, నిలబడి.

రేణు ఒక చిట్కా కనిపెట్టింది. "తిండి ఫోటోలు ఒద్దక్కా, కుర్చీ ఫోటో పెట్టుర్రి. కూసొని తిన్నట్టు సాక్ష్యం." వాట్సాప్ గ్రూపు నిండా కుర్చీలే. జ్ఞానప్రసూన కుట్టుమిషన్ స్టూలు, వేద ఫార్మసీ బ్రేక్‌రూమ్‌లో విరిగిన ప్లాస్టిక్ కుర్చీ. మొదటిరోజు నమ్రత కూర్చున్నాక నాలుగుసార్లు లేచింది. రెండోరోజు పైనుంచి తేజేశ్వర్ కేకేశాడు, ఆవకాయ ఎక్కడుందని. "ఫ్రిజ్‌లో, రెండో అరలో" అని కూర్చున్నచోటు నుంచే చెప్పింది. అతను దిగొచ్చి వెతుక్కున్నాడు. దొరికింది కూడా. ఇల్లేమీ మునిగిపోలేదు.

తొమ్మిది వారాలకి నమ్రతకి మొదటి కుట్టు పడింది. మెషిన్ టకటకమంటుంటే ముగ్గురూ చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టారు, వీధిలో కుక్కతో నడుస్తున్న అమెరికన్ పెద్దాయన ఆగి తనూ రెండు చప్పట్లు కొట్టి పోయాడు. రెండో కుట్టు ఆగస్టులో. మధ్యలో రేణు హైదరాబాద్ వెళ్ళొచ్చి ఎనిమిది పౌండ్లు పెరిగి, గరాజ్ గుమ్మంలో కళ్ళనీళ్ళు పెట్టుకుంది. జ్ఞానప్రసూన ఆమె జాకెట్టు తీసుకుని వేసిన కుట్టు విప్పేసింది. "ఏడుపెందుకు, దారమే కదా. మళ్ళీ వేద్దాం" అంది. అక్కడ ఎవరూ ఎవర్నీ లావయ్యావని గాని సన్నబడ్డావని గాని అనేవాళ్ళు కాదు. కుట్టు పడిందా లేదా, అంతే. నమ్రత జీవితంలో తన ఒంటి గురించి ఇంత మర్యాదగా మాట్లాడిన చోటు ఇంకోటి లేదు.

బయట అలా కాదు. వెనకటికి పార్టీల్లో తేజేశ్వర్, "మా ఆవిడ పక్కన నిలబడితే ఫోటోలో నేను సగమే పడతా" అని నవ్వించేవాడు. ఆమె కూడా నవ్వేది, ఎందుకంటే నవ్వకపోతే సరదా తెలియని మనిషవుతుంది. ఇప్పుడు సరదా మారింది. దీపావళికి పద్మనాభంగారి ఇంట్లో మగవాళ్ళ మధ్య కూర్చుని, "ప్రాజెక్టులా మేనేజ్ చేశానండీ. వీక్లీ ట్రాకింగ్. టార్గెట్ లేకపోతే ఎవరూ డెలివర్ చెయ్యరు" అని చెబుతున్నాడు. సమోసాల పళ్ళెం పట్టుకుని వెళ్తున్న నమ్రత అది విని, పళ్ళెం అక్కడే బల్ల మీద పెట్టేసి ఆడవాళ్ళ వైపు వెళ్ళిపోయింది.

అతను చేసింది ఒకటే, ఫ్రిజ్ తలుపు మీద చార్టు అంటించడం. పైన పెద్ద అక్షరాలతో 117. ఆ అంకె ఎక్కడిదో అతనికి బాగా తెలుసు. పెళ్ళైన మూడో రోజు విజయవాడ స్టేషన్లో రైలు ఆలస్యమైతే, సరదాకి ఇద్దరూ బరువు చూసే మెషిన్ ఎక్కారు. ఆమె చీటీ మీద యాభై మూడు కిలోలని వచ్చింది. ఆ చీటీని అతను ఇప్పటికీ పర్సులో దాచుకున్నాడు. దాన్ని చూపించి "నా పెళ్ళాం అసలు బరువు" అంటాడు. అందులో ప్రేమ లేదని నమ్రత ఎప్పుడూ అనలేదు. వచ్చే మే నెలలో పెళ్ళై ఇరవై ఏళ్ళు నిండుతాయి. క్లబ్‌హౌస్ బుక్ చేశాడు. ఆమె పెళ్ళిచీర, పెళ్ళిజాకెట్టు వేసుకుని అప్పటి ఫోటోలాగే మళ్ళీ దిగాలని అతని కోరిక.

మార్చి చివరి శనివారం. రోడ్ల మీద కార్లన్నీ పుప్పొడితో పచ్చగా ఉన్నాయి. గరాజ్‌లో తూకం మెషిన్ ఎక్కితే నూట నలభై ఏడు చూపించింది. మూడో కుట్టు. రేణు కేక పెట్టింది, వేద వీడియో తీసింది. నమ్రతకి ఒంట్లో హాయిగా ఉంది. మెట్లెక్కితే మోకాలు పలకడం మానేసి చాలా నెలలైంది. షుగర్ అంచు దాకా వెళ్ళి వెనక్కి వచ్చిందని డాక్టరు కాగితం మీద గీసి చూపించింది, ఈ బరువు చాలని కూడా చెప్పింది. అంతా బాగుండి కూడా, సంచిలోంచి పెళ్ళిజాకెట్టు తీస్తుంటే చేతులకి ఉత్సాహం లేదు.

"ఇంకో ముప్ఫై తగ్గాలి. మే లోపల దీంట్లో పట్టాలి" అంది.

"ముప్ఫయ్యా? ఐదు వారాలలో?" వేద ఫోన్ పక్కన పెట్టింది. "ఆంటీ, దట్స్ నాట్ హెల్తీ." మళ్ళీ తనే కాస్త తగ్గి, "కానీ ఇంత దూరం వచ్చి గోల్ వదిలేస్తే కూడా మీకు బ్యాడ్‌గా ఉంటుంది కదా?" అంది.

"గోల్ ఎవరు పెట్టిండ్రు?" అంది రేణు.

జ్ఞానప్రసూన ఈ మాటలేవీ వినడం లేదు. జాకెట్టు తిరగేసి, కళ్ళజోడు ముక్కు మీదికి దించి, పక్కకుట్టు దీపం కిందికి తెచ్చి వేలితో తడుముతోంది.

"ఇది కుట్టినవాడు మొదట ఇక్కడ కుట్టలేదే" అంది. "చూడు, దీని బయట ఈ వరసలో పాత సూదిపోట్లు. మొదట ఇక్కడ కుట్టి, విప్పేసి, రెండు వేళ్ళు లోపలికి పట్టాడు. దారం కూడా వేరు. ఇది పనివాడు తీరిగ్గా చేసింది కాదు, పెళ్ళికి ముందు కంగారుగా చేసింది. కొలతలిచ్చాక ఏమైంది నీకు?"

నమ్రత ఆ సూదిపోట్ల మీద వేలు పెట్టి చూసింది. "టైఫాయిడ్."

నిశ్చితార్థం రోజున కొలతలిచ్చింది. ఆ తర్వాతి వారం పడిన జ్వరం ఇరవై నాలుగు రోజులు దిగలేదు. జావ, కొబ్బరినీళ్ళు, మళ్ళీ జావ. దువ్వెన నిండా జుట్టు. ముహూర్తం మార్చడం కుదరదన్నారు, మండపానికి డబ్బు కట్టేశామన్నారు. పీటల మీద కళ్ళు తిరిగితే పిన్ని వెనకనుంచి పట్టుకుని కూర్చోబెట్టింది. చూడవచ్చిన వాళ్ళందరూ పిల్ల ఎంత నాజూగ్గా ఉందో అన్నారు. జ్వరం వచ్చిందని చెప్పొద్దని, మగపెళ్ళివాళ్ళేమైనా అనుకుంటారని అమ్మ అంది. నమ్రత చెప్పలేదు. చెప్పకుండా చెప్పకుండా చివరికి తనే మర్చిపోయింది. విజయవాడ స్టేషన్లో మెషిన్ ఎక్కిన పిల్లకి అప్పటికి అన్నం సహించడం మొదలై నాలుగు రోజులు.

జ్ఞానప్రసూన చిన్న కత్తెరతో లోపలి కుట్టు పోగు పోగుగా తీసేసింది. పాత సూదిపోట్ల మీదే మెషిన్ నడిపింది. "తెర వెనక్కెళ్ళి వేసుకురా" అంది. హుక్కులు ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి. చేతులు పైకెత్తింది, కిందికి దించింది, గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది. ఎక్కడా పట్టలేదు. ఇరవై రెండేళ్ళ వయసులో, జ్వరం రాకముందు, ఎవరి మెప్పూ అక్కర్లేకుండా తను ఉన్న కొలత ఇది. నమ్రతకి ఒళ్ళంతా సంతోషం పాకింది, వెనకే ఒక కోపం కూడా.

తెర తీసి బయటికొచ్చేసరికి రేణు దగ్గరికొచ్చి భుజం మీద ముడత సర్దింది. వేద నవ్వింది. "ఆంటీ, మీరు ఆల్రెడీ గోల్‌కి వచ్చేశారు" అంది.

ఇంటికెళ్ళేసరికి తేజేశ్వర్ ఫ్రిజ్ దగ్గర పెన్ను పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఎంత?"

"నూట నలభై ఏడు."

"సూపర్." చార్టు మీద రాసి, ఒక అడుగు వెనక్కి వేసి చూసుకున్నాడు. "ఇంకా ముప్ఫై. టైట్‌గా ఉంది గానీ, రాత్రి భోజనం పూర్తిగా కట్ చేస్తే అయిపోవచ్చు."

నమ్రత నింపాదిగా చెప్పింది. నిశ్చితార్థం, కొలతలు, ఇరవై నాలుగు రోజులు, పీటల మీద కళ్ళు తిరగడం, ఏదీ వదలకుండా. అతను మధ్యలో అడ్డురాలేదు. మొహంలో ఏదో మారింది కూడా. పర్సు తీసి ఆ చీటీ వైపు కాసేపు చూశాడు.

"నాకు ఎవరూ చెప్పలేదు" అన్నాడు.

"నేనే చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా."

"అయ్యో. సరే, పోనీలే, అయిపోయింది కదా." చీటీ మళ్ళీ జాగ్రత్తగా మడిచి లోపల పెట్టుకున్నాడు. "కానీ నమ్రతా, ఏదైనా గానీ, ఆ ఫోటోల్లో ఎంత బాగున్నావు."

ఇరవై ఏళ్ళుగా ఆ ఫోటోలు హాల్లో గోడ మీద ఉన్నాయి. ఆమె రోజూ వాటికింద వాక్యూమ్ చేస్తుంది. కళ్ళకింద గుంటలు కాటుకలో కలిసిపోయిన పిల్ల, లేని బలం తెచ్చుకుని నవ్వుతున్న పిల్ల అతనికి బాగుంది. చెప్పాక కూడా బాగుంది. అతను చెడ్డవాడు కాదని నమ్రతకి తెలుసు. చెడ్డవాడు కాకపోవడం సరిపోదని ఈ క్షణంలో తెలిసింది. ఆమె చెయ్యి చాచి చార్టుని తలుపు మీదనుంచి తీసింది. టేపు ఊడిన చోట చిన్న మరక మిగిలింది.

"ఏంటిది? ఇంత కష్టపడి చివర్లో వదిలేస్తావా?" అతని గొంతులో కోపం కంటే బతిమాలడమే ఎక్కువ ఉంది. "పార్టీకి అందర్నీ పిలిచేశాను. పూర్తిగా ముప్ఫై వద్దులే, ఇంకొంచెం చిక్కు చాలు. నాకోసం."

నమ్రత అతని కళ్ళలోకి చూసింది. కోపం ఎప్పుడు పోయిందో పోయింది, గొంతు తేటగా ఉంది.

"ఇంక చిక్కను తేజా" అంది. "ఎవరికీ."