ఎనిమిది, ఏడు, ఆరు

రాజారాం తడిగుడ్డతో పలక తుడిచి, ఆరేదాకా ఊదాడు. బోధన్ బస్సు దిగి ఆఫీసు మెట్లెక్కగానే మొదట చేసే పని అదే. కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి పలకేమిటని నవ్వేవాళ్లు నవ్వుకునేవారు. కింది అంతస్తులోని బీడీల కార్ఖానా నుంచి తంబాకు ఘాటు కిటికీలోకి వచ్చింది. తుమ్మి, కళ్లజోడు సర్దుకున్నాడు. దారం చుట్టిన కాడ చెవిని ఒరుసుకుంటోంది.

కంప్యూటర్‌లో పెట్టే సంతకాలు అసలువో నకిలీవో తేల్చే సాఫ్ట్‌వేర్ వాళ్లది. దాని అడుగున వందల అంకెల పొడవున్న సంఖ్యలను భాగించే ప్రోగ్రాం రాజారాం రాసిందే. ఏళ్ల తరబడి ఆయన ఉద్యోగం దాన్ని పట్టుకునే నడిచింది. ఇప్పుడది ఎప్పుడో ఒకసారి తప్పు చెబుతోంది. మంచి సంతకాన్ని దొంగదంటోంది.

"రేపు సాయంత్రంలోగా తప్పు దొరక్కపోతే, బయట ఉచితంగా దొరికే ప్రోగ్రాం పెట్టేస్తానండీ," అన్నాడు యజమాని గిరిబాబు నిన్న. అది పెడితే రాజారాంకు ఇక్కడ పని లేదు.

తప్పిన లెక్కను ముక్కలు చేసి చూశాడు. విడిగా చూస్తే ప్రతి ముక్కా సరిగ్గానే ఉంది.

"నీయవ్వ, నాతోనే ఆటలా?" అని తెరను కసిరాడు.

పక్క సీటు నవత నవ్వాపుకుంది. "అది మీకు భయపడదు గని, తినుండ్రి సార్. ఇంటికాడ రాధాబాయక్క అడిగితే నేనేం చెప్పాలె?"

"తినబుద్ధైతలేదు బిడ్డా," అని భార్య కట్టిచ్చిన అన్నం గిన్నెను పక్కకు జరిపాడు.

ఆమె లేచి, కిర్రుమంటున్న ఫాను ఆపేసి, చెమటలు కక్కుతూనే తన పని చేసుకుంది.

మధ్యాహ్నం తిరిగాక, విసుగుతో పెద్ద సంఖ్యలు వదిలేసి పలక మీద చిన్న లెక్క వేశాడు. నాలుగు వందలను యాభై తొమ్మిదితో భాగించాలి. ప్రోగ్రాం చేసినట్టే ముందరి అంకెలు మాత్రం చూసి, నలభైలో అయిదు ఎనిమిదిసార్లు అనుకున్నాడు. గుణిస్తే నాలుగు వందలు దాటింది. ఒకటి తగ్గించి, ఏడు వేశాడు. అదీ దాటింది.

సుద్దముక్క ఆగింది.

"ఒక్కపారి తగ్గిస్తె సాలనుకున్న," అని గొణిగాడు. రెండోసారి తగ్గించాల్సిన లెక్క కంప్యూటర్‌లో అంత అరుదుగా వస్తుంది. ప్రోగ్రాంలో ఒక్క వరుస మార్చాడు. సరిపోయేదాకా తగ్గించు.

అప్పుడే గిరిబాబు వచ్చి, కూర్చోకుండా నిలబడ్డాడు. "బయటిది పొద్దున్నే పెట్టేశామండీ. బాగానే నడుస్తోంది. మీకెలా చెప్పాలో తెలియక…"

రాజారాం తెర వైపు చూశాడు. తర్వాత మూత తీయని గిన్నె వైపు.

"పొద్దుగాలనే చెప్తే బువ్వన్న తిందును గద సారూ."

గిరిబాబు వెళ్లాక నవతను పిలిచాడు. "నాది ఒక్కపారి నడిపి సూడు బిడ్డా."

నడిపింది. "తప్పు రాలే సార్. సంతకం మంచిదే అంటున్నది."

"గంతే సాలు."

సంచి భుజాన వేసుకుని, గిన్నె పట్టుకుని, బోధన్ బస్సుకు మెట్లు దిగాడు.

మర్నాడు రాజారాం బల్ల తుడుస్తున్న నవత చేతిలో గుడ్డ పలక దగ్గర ఆగిపోయింది. కొట్టేసిన ఎనిమిది, కొట్టేసిన ఏడు, వాటి పక్కన సుద్ద అదిమి రాసిన ఆరు.