మిగిలిన మూడు గదులు

ఎవరు కొన్నా సరే, గోడ మీద సుత్తి పడితే ఆ ముసలాయన గుమ్మానికి అడ్డంగా పడుకుంటాడట! ఎదురింటి జ్ఞానప్రసూన ఈ మాట రేణు చెవిన వేసింది. రేణు దాన్ని గుడి కమిటీ వాట్సాప్‌లో పెట్టింది. చదివిన కమిటీ పెద్ద పద్మనాభం గుండెల్లో రాయి పడింది.

ముసలాయనంటే నేథన్ జిల్బర్. ఎనభై మూడేళ్ళ యూదు ఆర్కిటెక్టు. జీవితమంతా సినగాగ్‌లే, అంటే యూదుల ప్రార్థనా మందిరాలే కట్టాడు, మొత్తం పదకొండు. అమెరికాలోని ఈ అరోరాలో ఉన్నది చివరిది. ప్రార్థనకు పదిమందైనా ఉండాలని వాళ్ళ నియమం; ఆ పదిమందీ కుదరకే అమ్మకానికి పెట్టారు. పద్మనాభం కమిటీ గుడి కోసం కొంటోంది. చిక్కల్లా తూర్పు గోడతోనే. జెరూసలేం వైపు తిరిగి ప్రార్థిస్తారు గనక, వాళ్ళ పవిత్ర గ్రంథాల గూడు ఆ గోడలోనే ఉంది. మన స్వామి తూర్పుకు చూడాలి, ఎదురుగా వాకిలుండాలి. అంటే సరిగ్గా ఆ గూడే పగలగొట్టాలి. మార్పులు గీసిపెట్టమని ఆయన్నే పిలిచారు.

ఆదివారం పొద్దున జిల్బర్ ప్లాన్ల చుట్ట చంకన పెట్టుకుని ఆ భవనానికే వచ్చాడు. పద్మనాభం మంచు గురించి మాట్లాడాడు, పార్కింగ్ గురించి మాట్లాడాడు, పులిహోర పెట్టాడు.

"అంకుల్, పాపం ఆయనకి మూడో ప్లేటు పెడుతున్నారు. అడగండింక!" రేణు తెలుగులో గొణిగింది.

"నువ్వడగవే తల్లీ. నాకు నోరు రావట్లా."

జిల్బర్ తనే లేచి వెళ్ళి తూర్పు గోడను వేళ్ళతో తట్టాడు.

"తలుపు ఇక్కడేగా కావాలి? మీ దేవుడెటు చూస్తాడో చదువుకునే వచ్చాను. కొట్టేయండి. పైన ఉక్కు దూలం వేశాను, ఈ గోడ బరువేం మోయదు. నేను కట్టిన మొదటిది ఇప్పుడు చర్చి, మూడోది జిమ్. గ్రంథాలు వెళ్ళిపోయాక ఇదీ ఉత్త ఇటుకే."

పద్మనాభానికి ప్రాణం లేచొచ్చింది. ప్లాన్ పరిచాడు. ఆ ఊపులో అతని పెన్సిల్ వెనకవైపు గదుల మీదికి పాకింది.

"సర్, ఈ మూడు క్లాస్‌రూమ్‌లూ కలిపేస్తే డైనింగ్ హాల్ పెద్దదవుతుంది."

జిల్బర్ ఆ గదుల మీద అరచెయ్యి ఆనించాడు.

"ఇవి తీసేస్తే నేను గీయను. ఇంకొకర్ని చూసుకోండి."

"అయ్యో, భోజనం బాగుంటేనే కదండీ పిల్లలొచ్చేది!"

"పిల్లల చదువుకని నేను ఆరు గదులు గీశాను. మూడు మావాళ్ళే వంటగదిలో కలిపేశారు. చివరికి తినడానికి తొమ్మిదిమందిమి మిగిలాం."