మిగతాది నేను పూర్తి చేస్తాను

నేను ఒక గడిని. కంప్యూటరు తెర మీద తెల్లగా, సన్నగా, వేలెడు పొడవున ఉంటాను. విజయనగరంలోని ఆ ఇంట్లో ఆదివారం పొద్దున నన్ను తెరిచేసరికే వాదన ఇడ్లీల దగ్గర మొదలై, మధ్యాహ్నానికి తరగాల్సిన చిక్కుడుకాయల దాకా వచ్చేసింది.

హైమవతి టీచరుకు బదిలీ వచ్చింది. ఉన్న బడిలో ఎనిమిదేళ్లు నిండాయి, ఇక కదలక తప్పదు. కావలసిన పది బళ్ల పేర్లు వరసగా వెబ్‌సైటులో నింపాలి. ఏ బడి వస్తే ఆ బడిలో మరో ఎనిమిదేళ్లు. గడువు ఆ సాయంత్రంతో సరి. పేర్లు నింపుతున్నది మాత్రం ఆమె కాదు, భర్త గౌరీశ్వరరావు. గంగన్నపేట మొదట పెట్టాలని ఆయన పట్టు. ఆరే కిలోమీటర్లు, నాలుగున్నరకల్లా ఇంట్లో ఉంటుంది. ఆయన తల్లి అప్పలకొండమ్మకు అదీ దూరమే.

“టౌన్లోనే పెట్టించరా. మజ్జానం ఒచ్చి వేడిగా రెండు మెతుకులు పెట్టి ఎల్తాది.”

టౌన్లో ఖాళీలు లేవని కొడుకు మూడోసారి చెప్పాడు. అడిగేవాడు అడిగితే ఉంటాయని తల్లి మూడోసారి అంది. డిగ్రీ చదివే కూతురు లిఖిత ఫోనులోంచి తలెత్తింది.

“అమ్మకేటి కావాలో ఎవరైనా అడిగారా?”

అడిగారు. హైమవతి చిక్కుడుకాయ ఈనె తీస్తూ “మీ నాన్న ఇష్టమే” అంది. ఆ మాట చెప్పడానికి ఆమె చేతులు ఆగలేదు.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. హైదరాబాదులో హాస్టల్లో ఉండే ఒక సాఫ్ట్‌వేరు అమ్మాయి, జలుబుతో ముక్కు తుడుచుకుంటూ, నాలుగు రోజుల్లో నన్ను రాసింది. ఒక్కసారి రాస్తే పది చోట్ల పనికిరావాలని ఆమె పై అధికారి ఆజ్ఞ. అందుకే నాకు సొంత ఊరు లేదు, సొంత జాబితా లేదు. ఎవరు తగిలించుకుంటే వాళ్ల జాబితా నాది. మనుషులు మొదటి రెండు మూడు అక్షరాలు కొడతారు, సరిపోయే పేర్లు నేను కింద పరుస్తాను, వాళ్లు ఒకటి ఎంచుకుంటారు. తొందర మనుషులు కదా అని, పరచిన పేర్లలో మొదటిదాన్ని ముందే నీలంగా వెలిగించి ఉంచమని ఆ అమ్మాయి నాకు నేర్పింది. ఊరికే ఎంటర్ నొక్కితే చాలు.

మందుల దుకాణం వాళ్లు నన్ను పెట్టుకున్నారు. బస్సు టికెట్ల వాళ్లు పెట్టుకున్నారు. పెళ్లి సంబంధాల వాళ్లు కులం అడిగే చోట పెట్టుకున్నారు. అక్కడ మాత్రం జనం నా సాయం తీసుకోకుండా చివరి అక్షరం దాకా తామే కొడతారు. జబ్బుల పేర్లు వస్తే రెండక్షరాలకే నాకు వదిలేస్తారు. నాకు రెండూ ఒకటే.

హైమవతి వేళ్లు నాకు మందుల దుకాణంలోనే తెలుసు. నెలకొకసారి అత్తగారి షుగరు మాత్రల పేరులో మూడక్షరాలు కొట్టేది, మిగతాది నేను పూర్తి చేసేదాన్ని. ఇంట్లో ఆమె మొదలుపెట్టిన మాటను కూడా ఇలాగే ఎవరో ఒకరు పూర్తి చేస్తారు. కాకపోతే నేను జాబితా అయినా చూపిస్తాను.

గౌరీశ్వరరావు ‘గంగ’ అని కొట్టాడు. నేను రెండు పేర్లు పరిచాను. గంగన్నపేట, దాని కింద గంగిరేగువలస. మొదటిది నీలంగా వెలుగుతూనే ఉంది. సరిగ్గా అప్పుడే తల్లి టౌను మాట నాలుగోసారి ఎత్తింది. ఆయన మెడ తిప్పి “చెప్పేను కదే అమ్మా” అంటూనే, అలవాటుకొద్దీ కిందికి బాణం మీట ఒకసారి నొక్కి ఎంటర్ కొట్టాడు. నీలం రెండో పేరు మీదికి దిగింది. మొదటి ఆప్షనుగా గంగిరేగువలస కూర్చుంది. డెబ్బై కిలోమీటర్ల అవతల, కొండ మీద ఊరు.

మిగతా తొమ్మిదీ జాగ్రత్తగానే నింపి, చివరి బటను నొక్కడానికి భార్యను పిలిచాడు. పాస్‌వర్డు ఆమెది, నొక్కాల్సింది ఆమే. హైమవతి చెయ్యి కొంగుకు తుడుచుకుని వచ్చింది. మొదటి పేరు చదివింది. దాని పక్కన, చెరిపేయడానికి చిన్న అడ్డగుర్తు ఉంటుంది. మౌసు బాణాన్ని దాని మీదికి తెచ్చింది. పదకొండు సెకన్లు అక్కడే ఉంచింది. తర్వాత కిందికి జరిపి ఖరారు నొక్కి, వంటింట్లోకి వెళ్లిపోయింది. ఎందుకు చెరపలేదో నాకు తెలియదు. టైపు చేసిందే నాకు తెలుస్తుంది. ఆమె ఏమీ టైపు చేయలేదు.

పన్నెండో రోజు ఆర్డరు వచ్చింది. గంగిరేగువలస. ఆ బడిని మొదట కోరుకున్నవాళ్లు మరెవరూ లేరట.

గౌరీశ్వరరావు తప్పు వెబ్‌సైటుదన్నాడు. అప్పలకొండమ్మ ఎవరిదో దిష్టి అంది. హైమవతి ఎవరి తప్పూ అనలేదు. ఆ మధ్యాహ్నం బస్సు టికెట్ల చోట ఆమె వేళ్లు మళ్లీ నన్ను తాకాయి. గంగిరేగువలస అని చివరి అక్షరం దాకా తనే కొట్టింది. ఆ జాబితాలో అలాంటి ఊరు లేదు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. ఆమె ఆ పేరును అలాగే కాసేపు ఉంచుకుంది.

అభ్యంతరాలు చెప్పుకోవడానికి మూడు రోజుల గడువిచ్చారు. ఆ దరఖాస్తులోనూ నన్నే పెట్టారు. మూడో రోజు సాయంత్రం, గౌరీశ్వరరావు టీ పక్కన పెట్టుకుని జిల్లా, మండలం, బడి, ఒక్కొక్కటీ రెండుసార్లు చూసుకుని నింపాడు. కారణం దగ్గర, పొరపాటున ఎంపిక జరిగింది అని రాశాడు. తల్లి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. లిఖిత గుమ్మంలో నిలబడింది. దరఖాస్తు వెళ్లాలంటే హైమవతి ఫోనుకు వచ్చే ఆరంకెల నంబరు కావాలి.

ఫోను మోగింది. హైమవతి చూసింది.

“చెప్పు హైమా. రెండు నిమిషాలే ఉంటాది.”

ఆమె చెప్పలేదు. ఆయన తలెత్తాడు. అమ్మకు కళ్లజోడు కావాలేమోనని లిఖిత లోపలికి కదలబోయింది. అవసరం లేదన్నట్టు హైమవతి తల ఊపింది. రెండు నిమిషాలూ గడిచిపోయాయి.

“ఏటయింది నీకు? తప్పు పడింది, సరిచేస్తన్నాను.”

“తప్పు పడ్డం నేను చూశానండి. చూసే నొక్కాను.”

గొంతు పెరగలేదు. ఆ ఇంట్లో ఆమె మాటను పూర్తి చేయడానికి ఈసారి ఎవరికీ ఏమీ తోచలేదు. హైమవతి ఫోనును బోర్లించి, ముగ్గురినీ వరసగా చూసింది.

“సోమవారం గంగిరేగువలసలో చేరతాను. రోజూ తిరగను, అక్కడే గది తీసుకుంటాను.”